లోయ కనిపించని గది

శనివారం

సంక్రాంతి సెలవులు మొదలైన రోజునే ఏలూరులో బయలుదేరి, అరకు లోయ చూసుకుని, భోగి నాటికి ఇల్లు చేరాలని అనుకున్నాం. మా వారు, నేను, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, వీరితో పాటు డెబ్బై రెండేళ్ల మా అత్తగారు. నిజానికి ఈ ప్రయాణం తలపెట్టిందే ఆవిడ కోసం. మామగారు ఉద్యోగంలో ఉన్న కాలంలో ఇద్దరూ విశాఖపట్నం వరకు వెళ్లి, సెలవు చాలక, అరకు చూడకుండానే తిరిగి వచ్చారట. బొర్రా గుహలు చూడాలన్న కోరిక అప్పటి నుంచీ ఆవిడ మనసులో ఉండిపోయింది. మామగారు పోయిన తరువాత ఆవిడ తనంతట తానుగా ఎక్కడికైనా వెళదామని అడిగింది లేదు. కిందటి దసరా రోజుల్లో టీవీలో అరకు రైలును చూపిస్తుంటే మాత్రం, "ఓపిక ఉండగానే ఒకసారి నన్నక్కడికి తీసుకెళ్లరా అబ్బాయ్" అని మా వారితో అన్నారు.

ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చదునైన నేల మీద నెమ్మదిగా నడవగలరు కానీ మెట్లు ఎక్కడం కష్టం, దిగడం అంతకంటే కష్టం. అందువల్ల గది వెతికేటప్పుడు మేం పట్టించుకున్నవి చాలా కొద్ది: గది కింది అంతస్తులో ఉండాలి, స్నానాల గదిలో కమోడ్ ఉండాలి, చలికాలం కాబట్టి వేడి నీళ్లు రావాలి. నవంబరు నుంచి జనవరి వరకు అరకులో గదులకు గిరాకీ ఎక్కువ కనుక నెల రోజుల ముందే ఒక బుకింగ్ యాప్‌లో వెతికి, రోజుకు 4,800 రూపాయల అద్దెతో పెద్ద గదిని రెండు రాత్రులకు మాట్లాడుకున్నాం. ఫొటోలలో గది విశాలంగా ఉంది. బాల్కనీలో రెండు పేము కుర్చీలు, వాటికి ఎదురుగా మంచు కప్పిన కొండల వరుస కనిపించాయి. "24 గంటలూ వేడి నీళ్లు", "లోయ వైపు గది", "వృద్ధులకు అనుకూలం" అన్న మాటలు స్పష్టంగా రాసి ఉన్నాయి. అంతటితో ఆగకుండా మా వారు హోటల్‌కు ఫోన్ చేసి, తల్లిగారి మోకాళ్ల సంగతి చెప్పి, కింది గదే కావాలని అడిగారు. "తప్పకుండా ఇస్తాం సార్" అని అవతలి వ్యక్తి మాట ఇచ్చి, అదే విషయాన్ని వాట్సాప్‌లో కూడా పంపించాడు. ఒక రాత్రి అద్దె ముందే కట్టేశాం.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పండగ ప్రయాణికులతో కిటకిటలాడింది. రాజమహేంద్రవరం వంతెన మీద అత్తగారు గోదావరికి దండం పెట్టుకుని, పిల్లల చేత చెరొక నాణెం వేయించారు. మధ్యాహ్నానికి విశాఖ చేరి, ఆ రాత్రికి సీతమ్మధారలోని మా పిన్ని ఇంట్లో ఉన్నాం.

ఆదివారం

అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు విశాఖలో ఉదయాన్నే బయలుదేరుతుంది. 2017లో ఈ రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను జతచేసిన తరువాత దానికి ఆదరణ బాగా పెరిగింది. మాకు అందులోనే సీట్లు దొరికాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అంటూ స్టేషన్లు గడిచే కొద్దీ సొరంగాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చీకటి పడగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారిగా కేకలు వేయడం, వెలుగు రాగానే మళ్లీ సద్దుమణగడం మాకు గంటల తరబడి సాగిన వేడుక. మా అబ్బాయి సొరంగాలను లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో జంతికలు తింటూ లెక్క తప్పి, చెల్లని లెక్క అని అక్క అంటే ఒప్పుకోలేదు. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్‌లో గాలి ఒక్కసారిగా చల్లబడింది. అత్తగారు శాలువా కప్పుకుని, కిటికీ అద్దానికి నుదురు ఆనించి, దిగువన పొగమంచులో కరిగిపోతున్న లోయను చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఈ ప్రయాణంలో ఆవిడ పూర్తిగా సంతోషంగా గడిపిన సమయం అదేనని ఇప్పుడు అనిపిస్తోంది. అందుకే ఆ నాలుగు గంటలను ఇక్కడ రాసిపెడుతున్నాను.

పదకొండు గంటల ప్రాంతంలో అరకు స్టేషన్‌లో దిగి, ఆటోలో హోటల్‌కు చేరాం. బయటి గేటు, పూలకుండీలు, కొత్తగా రంగు వేసిన ముందు గోడ అన్నీ ఫొటోలో చూసినట్టే ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఉన్న మేనేజరు ఆధార్ కార్డులు తీసుకుని, గది ఒంటి గంటకు ఇస్తామని చెప్పాడు. అందులో ఆక్షేపించడానికి ఏమీ లేదు. నియమం ముందే తెలుసు. ఒంటి గంటన్నరకు తాళం చేతికిస్తూ మాత్రం, "రెండో అంతస్తు సార్, కుడి వైపు చివరి గది" అన్నాడు. మా వారు వాట్సాప్ సందేశం చూపించారు. మేనేజరు దాన్ని చదివి, కింది గదులన్నీ విశాఖ నుంచి వచ్చిన ఒక పెద్ద బృందానికి ముందురోజే ఇచ్చేశామని, మాకు సందేశం పంపిన వ్యక్తి ఇప్పుడు ఇక్కడ పని చేయడం లేదని చెప్పాడు. "లిఫ్టు ఎక్కడుంది?" అని మా అమ్మాయి అడిగింది. లిఫ్టు లేదు.

ఒక సంస్థ తరఫున ఇచ్చిన మాట, ఆ మాట ఇచ్చిన ఉద్యోగి వెళ్లిపోగానే చెల్లకుండా పోతుందా? మా వారు ఇదే ప్రశ్నను నెమ్మదిగా, గొంతు పెంచకుండా అడిగారు. మేనేజరు విశాఖలోని యజమానికి ఫోన్ కలిపాడు. రేపు మధ్యాహ్నం బృందం ఖాళీ చేయగానే కింది గది ఇప్పిస్తానని, ఈ ఒక్క రాత్రికి సర్దుకోమని యజమాని చెప్పాడు. చుట్టుపక్కల హోటళ్లకు ఫోన్ చేసి చూశాం. పండగ సెలవులు, అందులోనూ ఆదివారం. ఎక్కడా గది లేదు. అత్తగారు, "పరవాలేదులే అమ్మా, నెమ్మదిగా ఎక్కుతాను" అన్నారు. ఒక చేత్తో గోడను, ఒక చేత్తో నా భుజాన్ని పట్టుకుని, ప్రతి మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ ఆవిడ ఆ రెండు అంతస్తులూ ఎక్కారు. మెట్లకు ఒక వైపు గోడ ఉంది, రెండో వైపు పట్టుకోవడానికి కమ్మీ మొదటి అంతస్తు వరకే ఉంది.

గది తలుపు తీయగానే నానిన గోనెసంచి వాసన వచ్చింది. మంచం తలవైపు గోడకు, కింది నుంచి నడుమెత్తు వరకు, చెమ్మ పట్టి సున్నం పొరలుగా లేచి ఉంది. దాని మీద నల్లని బూజు మచ్చలు. కొండ ప్రాంతంలో చెమ్మ సహజమే కానీ, గాలి ఆడితే గది ఇంతగా పాడవదు. ఈ గదికి ఉన్న కిటికీలో ఒక రెక్క గొళ్లెం ఊడిపోవడంతో దానికి మేకు కొట్టి శాశ్వతంగా మూసేశారు. రెండో రెక్క పూర్తిగా మూసుకోదు. అంటే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేదు, రాత్రి చలి లోపలికి వచ్చే దారి మాత్రం ఉంది. దుప్పట్లు ఉతికినవే కానీ పాత మరకలు పోలేదు. అయిదుగురికి ఇచ్చిన రగ్గులు రెండు. అదనపు పరుపుగా తెచ్చినది రెండంగుళాల మందం కూడా లేని స్పాంజి పరుపు. దానికి వేరే 800 రూపాయలు.

పిల్లలు పరుగెత్తుకుని బాల్కనీ తలుపు తీశారు. ఎదురుగా పది అడుగుల దూరంలో పక్క హోటల్ వెనుక గోడ, ఆ గోడ మీద నల్లని నీళ్ల ట్యాంకులు, కింద జనరేటరు. ఫొటోలో చూసిన పేము కుర్చీలు నిజంగానే ఉన్నాయి. వాటిలో కూర్చుంటే కనిపించేది మాత్రం ఆ ట్యాంకులే. మా అమ్మాయి ఫోన్‌లో ఫొటో తీసి, యాప్‌లోని ఫొటో పక్కన పెట్టి చూసింది. కుర్చీలు అవే, నేల మీది టైల్సు అవే, కొండలు వేరే చోటివి. ఆ ఫొటోను ఈ బాల్కనీలో నిలబడి తీయడం ఎవరికీ సాధ్యం కాదు. చెమ్మ గోడను నిర్వహణ లోపమని అనుకోవచ్చు, రద్దీ రోజుల్లో గదులు తారుమారు కావడాన్ని కూడా అర్థం చేసుకోవచ్చు. లేని లోయను ఉన్నట్టు చూపించి డబ్బు తీసుకోవడాన్ని మాత్రం పొరపాటుగా భావించలేను. అది తెలిసి చేసిన పని.

మధ్యాహ్నం పద్మాపురం ఉద్యానవనానికి వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించి పంపడానికి మొదలైన తోట ఇది. పిల్లలు బొమ్మ రైలు ఎక్కారు. గిరిజన మ్యూజియంలో కొండ ప్రాంత ప్రజల ఇళ్లు, పనిముట్లు, ధింసా నృత్యం చూపించే బొమ్మలు చక్కగా అమర్చారు. అత్తగారు అక్కడి విసుర్రాయి, రోకలి దగ్గర ఆగి, తన చిన్ననాటి సంగతులు మనవరాలికి చెప్పారు. తిరిగి వచ్చాక మళ్లీ ఆ మెట్లే. ఈసారి మొదటి అంతస్తులోనే ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకూడదని కొంగుతో తుడుచుకున్నారు కానీ నేను చూశాను.

చీకటి పడేసరికి చలి తీవ్రమైంది. గీజరు స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలిగింది కానీ, అది వంటింటి సింకుల దగ్గర పెట్టే మూడు లీటర్ల చిన్న గీజరు. ఆ చలిలో వచ్చే నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో చెప్పనక్కరలేదు. వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు అంత చిన్న గీజరు ఒక మగ్గు వేడి నీళ్లకు మించి ఇవ్వలేదు. కింద అడిగితే వేడి నీళ్లు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు బకెట్లలో ఇస్తామని, బకెట్టుకు 50 రూపాయలని చెప్పారు. ఇరవై నాలుగు గంటలూ అని రాసిన సంగతి గుర్తు చేస్తే, "గీజరు ఉంది కదా మేడం" అన్నది సమాధానం.

ఎనిమిది గంటలకు కింది ఆవరణలో చలిమంట వేశారు. దాని పక్కనే పెద్ద స్పీకర్లు పెట్టి డీజే మొదలుపెట్టారు. యాత్రకు వచ్చిన యువకులు ఆడి పాడుకోవడం తప్పు కాదు. కానీ మూసుకోని కిటికీ గుండా ఆ మోత గదిలోకి నేరుగా వచ్చి మంచం కోళ్లను సైతం అదిరించింది. పది గంటలకు ఆపమని అడిగితే పదకొండు అన్నారు. చివరికి ఆపింది పన్నెండున్నరకు.

అదనపు రగ్గులు కావాలని తొమ్మిదింటికి అడిగాం. రగ్గుకు 150 రూపాయల చొప్పున కట్టడానికి ఒప్పుకున్నా, అన్నీ అయిపోయాయన్నారు. కాసేపటికి మేనేజరు పంపగా, గదులకు నీళ్లు, భోజనాలు చేరవేసే స్థానిక యువకుడు తలుపు తట్టాడు. చేతిలో రాజుకుంటున్న బొగ్గుల కుంపటి. "మామ్మగారికి చలి వేస్తుందని పంపించారమ్మా. మంచం పక్కన పెట్టుకుని, తలుపులు వేసుకుంటే వెచ్చగా ఉంటుందట" అన్నాడు.

నేను ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే ఎన్నో రెట్లు బలంగా కలిసిపోయి, శరీరానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. నిద్రలో ఉన్నవారికి తల నొప్పిగా ఉందని తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. చలి ప్రాంతాల్లో ఇలా కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారేసరికి ప్రాణాలతో లేని వార్తలు ప్రతి శీతకాలంలోనూ చదువుతూనే ఉన్నాం. కుంపటిని ఆరుబయట పెట్టించి, ఆ యువకుడితో కలిసి కిందికి వెళ్లి మేనేజరుకు ఈ విషయమంతా వివరించాను. ఇంకెన్ని గదులకు పంపించారని అడిగితే, అంతకుముందే రెండు గదులకు పంపామన్నాడు. అప్పటికప్పుడు ఆ రెండు గదుల తలుపులూ తట్టించి కుంపట్లు బయట పెట్టించే వరకు నేను అక్కడి నుంచి కదలలేదు. అందులో ఒక గదిలో పసిబిడ్డ ఉంది.

అంతవరకు ఈ హోటల్ గురించి నాకున్నది అసంతృప్తి మాత్రమే. ఆ క్షణం నుంచి అది మరొక విషయమైంది. తగినన్ని రగ్గులు కొనడానికి అయ్యే ఖర్చు ఎంత? కిటికీకి గొళ్లెం బిగించడానికి పట్టే సమయం ఎంత? ఆ చిన్న పనులు చేయనందువల్ల ఏర్పడిన చలిని, మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే పద్ధతిలో పోగొట్టబోయారు. ఆ మేనేజరుకు దురుద్దేశం లేదు, అతనికి తెలియదు. కానీ అయిదారు నెలలు చలిలో అతిథులను ఉంచుకునే వ్యాపారంలో ఉన్నవారికి ఆ సంగతి తెలియకపోవడం క్షమించదగినది కాదు.

ఆ రాత్రి కిటికీ సందులో తువ్వాళ్లు కుక్కి, స్వెట్టర్లు, చీరలు, మా వారి పంచె అన్నీ రగ్గుల మీద పరిచి పడుకున్నాం. అత్తగారు రెండు మంచాల మధ్య నా చేయి పట్టుకునే ఉన్నారు. నిద్ర పోలేదు.

సోమవారం

తెల్లవారక ముందే మాడగడ వెళ్లి, కొండల మధ్య మేఘాల మీద సూర్యోదయం చూడాలని అనుకున్నాం. ఎవరికీ కంటి నిండా నిద్ర లేకపోవడంతో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఉదయం అత్తగారి కుడి మోకాలు వాచి ఉంది. ముందురోజు కుంపటి తెచ్చిన యువకుడే అడగకుండా రెండు బకెట్ల వేడి నీళ్లు రెండు అంతస్తులు మోసుకొచ్చాడు. స్నానాల గదిలో నేల జారుడుగా ఉందని చూసి, ఎక్కడి నుంచో గోనె పట్టా తెచ్చి పరిచాడు. "కాపడం పెట్టండమ్మా, ఇంకో బకెట్టు తెస్తాను" అన్నాడు. ఆ హోటల్‌లో ముప్ఫై దాకా గదులు ఉంటే, మెట్ల మీద సామాన్లు, నీళ్లు, కాఫీలు చేరవేసేది అతను, మరొక కుర్రవాడు మాత్రమే. అతిథుల కోపాలన్నీ మొదట తగిలేది వారికే. వారి జీతంలో ఆ అబద్ధపు ఫొటోకు సమాధానం చెప్పాల్సిన బాధ్యత లేదు. మా ఫిర్యాదు పత్రంలో అతని ప్రవర్తన గురించి మంచిగా, వేరే పేరాలో రాశాం.

గది అద్దెలో కలిసి ఉన్న టిఫిన్ ఎనిమిదిన్నరకే అయిపోయింది. బయట బండి దగ్గర వేడి వేడి ఇడ్లీలు, అల్లం చట్నీ తిని, కారు మాట్లాడుకుని బొర్రాకు బయలుదేరాం. దారి పొడవునా వెండి ఓకు చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. కోతల కాలం కావడంతో కొన్ని కొమ్మలకు ఇంకా ఎర్రని పండ్లు ఉన్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాలికొండ దగ్గర ఆగి తాగిన కాఫీ రాత్రి అలసటను కొంత తగ్గించింది.

బొర్రా ముఖద్వారం దగ్గర కారు దిగాక అత్తగారు మెట్ల వైపు చూశారు. గుహలోకి వెళ్లాలంటే చాలా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. మోకాలు మామూలుగా ఉండి ఉంటే, మధ్య మధ్య కూర్చుంటూ కనీసం మొదటి పెద్ద మందిరం వరకైనా తీసుకువెళ్లాలని మేం ముందే అనుకున్నాం. ఆవిడా అందుకు సిద్ధపడే వచ్చారు. నాలుగు మెట్లు దిగి, కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. "మీరు వెళ్లి రండి. పిల్లలకు చూపించండి. నేనిక్కడ కూర్చుంటాను" అన్నారు. మా వారు ఆవిడతో ఉండిపోయారు. పిల్లలను తీసుకుని నేను దిగాను.

గుహ నిజంగా అద్భుతం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు సున్నపురాతిని లక్షల ఏళ్ల పాటు కరిగించుకుంటూ పోతే ఇంత పెద్ద ఖాళీ ఏర్పడింది. అదే నీరు పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారుతూ, తనలోని సున్నాన్ని అక్కడే వదిలేస్తే పై నుంచి వేలాడే స్తంభాలు, కింద నుంచి లేచే దిమ్మెలు తయారయ్యాయి. పిల్లలకు ఇది చెబుతూ, శివలింగంగా కొలుస్తున్న దిమ్మె దగ్గర దండం పెట్టుకున్నాం. రంగు దీపాల వెలుగులో మా అబ్బాయి ఒక్కొక్క రాతిలో ఒక్కొక్క జంతువును చూపిస్తూ, "ఇది నానమ్మకు చెప్పాలి" అని ప్రతిసారీ అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ చోటును చూడాలనుకున్న మనిషి పైన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారన్న ఆలోచనతో నేను ఏదీ తీరికగా చూడలేకపోయాను. ఒక హోటల్ మాట తప్పితే పోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే అనుకునేవారికి ఈ విషయం చెప్పాలని ఉంది. యాత్రకు వచ్చిన వృద్ధులు రాత్రి విశ్రాంతితో కూడగట్టుకున్న కొద్ది శక్తినే పగలు ఖర్చు చేస్తారు. ఆ శక్తిని హోటల్ మెట్ల మీద ఖర్చు పెట్టించిన తరువాత వారికి చూడడానికి మిగిలేది ఉండదు.

బొర్రా బయట వెదురు బొంగుల్లో కాల్చిన చికెన్ కొని పిల్లలకు పెట్టాం. అత్తగారు మాంసం తినరు. జొన్న పొత్తు ఒకటి కాల్పించుకుని తిన్నారు. చాపరాయి, కటికి జలపాతం ఆనాటి జాబితాలోనే ఉన్నా, రెండూ మానుకుని రెండింటికల్లా హోటల్‌కు తిరిగి వచ్చేశాం.

బృందం ఖాళీ చేయడంతో కింది గది ఇచ్చారు. వంటింటి పక్కన ఉన్న గది అది. బాల్కనీ లేదు, దృశ్యం లేదు. కానీ గోడలు పొడిగా ఉన్నాయి, కిటికీలు మూసుకుంటున్నాయి, గీజరు పదిహేను లీటర్లది, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉంది. ఆ సాయంత్రం రగ్గులు కూడా దొరికాయి. అత్తగారు వేడి నీళ్లతో స్నానం చేసి, ఏడు గంటలకే పడుకుని, తెల్లవారే వరకు కదలకుండా నిద్రపోయారు. ఆ నిద్ర చూశాక నా కోపం తగ్గలేదు, పెరిగింది. మాకు కావలసింది ఆ ఆవరణలోనే ఉంది. మాకు ఇస్తామన్నదే మరొకరికి ఇచ్చారు. పెద్ద బృందం ఎక్కువ గదులు తీసుకుంటుంది కనుక వారికి మొదటి ప్రాధాన్యం. మా మాటకు విలువ లేదు. లోయ కనిపించకపోయినా, ఈ గదినే దీని ఫొటోతోనే చూపించి ఉంటే సంతోషంగా తీసుకునేవాళ్లం.

మంగళవారం

ఉదయం బిల్లు వచ్చింది. రెండు రాత్రుల అద్దె, పరుపు, రగ్గులు, బకెట్లు, వీటితో పాటు భోజనాల మీద పది శాతం సర్వీస్ చార్జి. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జిని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. మా వారు ఈ విషయం చెప్పగానే మేనేజరు వాదించకుండా ఆ మొత్తాన్ని కొట్టేశాడు. అడిగిన వారికి మాత్రమే తీసేస్తారని దీనివల్ల అర్థమైంది. వేడి నీళ్ల బకెట్లకు, రగ్గులకు కూడా డబ్బు కట్టబోమని చెప్పాం. కొంత మాటల తరువాత వాటినీ తీసేశారు. మొదటి రాత్రి అద్దె తిరిగి ఇవ్వమని అడిగితే మాత్రం యజమాని ఫోన్‌లో ఒప్పుకోలేదు. గదిలో పడుకున్నారు కదా అన్నారు.

ఫిర్యాదు పత్రాన్ని రెండు ప్రతులుగా రాసి, ఒకటి వారికి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, సంతకం తీసుకున్నాం. దానికి వాట్సాప్ సందేశం, యాప్‌లోని గది ఫొటో, మేం తీసిన బాల్కనీ ఫొటో, చెమ్మ గోడ, గొళ్లెం లేని కిటికీ, గీజరు ఫొటోలు జతచేశాం. కుంపటి సంగతిని మొదటి పేరాలోనే పెట్టాం. కారులో అనంతగిరి మీదుగా ఘాట్ దిగి, మధ్యాహ్నానికి విశాఖ చేరి, సాయంత్రం రైలెక్కి, అర్ధరాత్రి దాటాక ఏలూరులో దిగాం. మరికొన్ని గంటల్లో భోగి మంటలు.

పండగ తరువాత

అత్తగారి మోకాలి వాపు తగ్గడానికి పది రోజులు పట్టింది. బుకింగ్ యాప్ సంస్థకు పంపిన ఫిర్యాదుకు మొదట వచ్చిన జవాబు, గది కేటాయింపు హోటల్ బాధ్యత అని. ఆ తరువాత జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. మూడు వారాలకు మొదటి రాత్రి అద్దెలో సగం మా ఖాతాకు తిరిగి వచ్చింది. యాప్‌లోని వివరాల్లో "లిఫ్టు లేదు" అన్న మాట కొత్తగా చేరింది. "వృద్ధులకు అనుకూలం" అన్న మాట తీసేశారు. కుంపట్ల విషయంలో ఇకపై గదుల్లోకి పంపబోమని మేనేజరు మా వారికి సందేశం పెట్టాడు. ఆ సందేశాన్ని నేను డబ్బు కంటే విలువైనదిగా భావిస్తున్నాను.

బాల్కనీ ఫొటో మాత్రం మార్చలేదు. ఆ ఫొటోను తొలగించాలన్నది మా ఫిర్యాదులో రెండో కోరిక. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము కూడా లేదు. బిల్లు, సందేశాలు, రెండు ఫొటోలు, ముద్ర వేసిన ఫిర్యాదు ప్రతి అన్నీ ఒక ఫైలులో పెట్టాం. వచ్చే సోమవారం ఏలూరు కమిషన్‌లో దాఖలు చేస్తున్నాం. సాక్షిగా తన పేరు కూడా రాయమని అత్తగారు చెప్పారు.